వెర్దిక్కియో వైన్: మన వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

చదువు కోసం ఇటలీలోని మార్కె ప్రాంతానికి వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయాను. కమెరీనో యూనివర్సిటీలో చదివే మన తెలుగు పిల్లలు, సెలవులకి వచ్చే చుట్టాలు, అమెరికా నుంచి ఫోన్ చేసే స్నేహితులు ఇక్కడి తెల్ల వైన్ వెర్దిక్కియో గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఈ వైన్ విషయంలో నాకు ఒక బాధ ఉంది. దీన్ని జనం తొందరపడి తాగేస్తారు, తొందరపడి తేల్చేస్తారు. కొన్నేళ్ళు ఆగితే ఇది ఏమవుతుందో చూసినవాణ్ణి కాబట్టి ఆ మాట కింద రెండు మూడు చోట్ల మళ్ళీ మళ్ళీ వస్తుంది.

వెర్దిక్కియో అంటే ద్రాక్ష పేరా, వైన్ పేరా?

రెండూ. ద్రాక్ష పేరు వెర్దిక్కియో, దానితో చేసే వైన్‌కీ అదే పేరు. ఇటాలియన్‌లో 'వెర్దె' అంటే ఆకుపచ్చ. బాగా పండాక కూడా ఈ ద్రాక్ష పచ్చదనం వదలదు, ఆ ఛాయ వైన్‌లోకి కూడా దిగుతుంది. కొత్త సీసా తెరిచి గ్లాసులో పోసి తెల్ల కాగితం మీద వంచి చూడండి, అంచున లేత ఆకుపచ్చ మెరుపు కనిపిస్తుంది.

మన దగ్గర 'వైన్స్' అని బోర్డు ఉంటే మద్యం షాపు అనే అర్థం స్థిరపడిపోయింది. ఇక్కడ వైన్ అంటే ద్రాక్షరసం పులియబెట్టింది మాత్రమే. వెర్దిక్కియోలో ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 13.5 శాతం దాకా ఉంటుంది.

పేర్లు ఎలా పలకాలి?

వెర్-దిక్-కియో. 'చ' శబ్దం రాదు. ఈ ద్రాక్ష పండే యేజి ఊరి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో 'జె'తో మొదలవుతుంది కానీ పలికేది 'యే' అనే. మార్కెలో కూడా 'చె' అనకూడదు. ఒత్తులు గట్టిగా పలకడం తెలుగువాళ్ళకి అలవాటే కాబట్టి ఇటాలియన్ మనకి తేలిగ్గానే వస్తుంది.

'డ్రై' అంటే ఏమిటి? నేను తాగింది పుల్లగా ఉంది. పాడైపోయిందా?

పాడవలేదు. డ్రై అంటే తీపి లేనిది. ద్రాక్షలోని చక్కెరని ఈస్టు తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ పని చివరిదాకా సాగనిస్తే చక్కెర దాదాపు మిగలదు, అదే డ్రై వైన్. ఇటాలియన్‌లో 'సెక్కో' అంటారు. యూరప్ నిబంధనల ప్రకారం లీటరుకి 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై. పులుపు దానికి తగ్గట్టు ఎక్కువగా ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు.

పులుపు ఈ ద్రాక్షకి పుట్టుకతో వచ్చింది. ఎండ బాగా తగిలి పండినా పులుపు తగ్గదు, అదే దీని బలం. మొదటి గుక్క తీసుకుని, చిన్న చీజ్ ముక్కో ఉప్పు బాదమో నమిలి, రెండో గుక్క తీసుకోండి. మొదటి గుక్కకి మొహం చిట్లించిన వాళ్ళు చాలామంది రెండో దానికి స్థిమితపడతారు. ఉప్పు, నూనె తగిలితే ఆ పులుపు నాలుకని కడిగినట్టు ఉంటుంది.

నిజంగా పాడైన వైన్ వేరు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్కు వల్ల వచ్చిన దోషం. రెస్టారెంట్‌లో అయితే మొహమాటపడకుండా చెప్పండి, సీసా మారుస్తారు. పులుపుతో పాటు ముక్కుకి వెనిగర్ ఘాటు తగిలితే అదీ చెడినట్టే.

మరి దీని రుచి ఎలా ఉంటుంది?

కొత్తదైతే ఆకుపచ్చ ఆపిల్, నిమ్మతొక్క, తెల్ల పూల వాసన. వెనకాల కొంచెం సోంపు. చివర్లో, మింగేశాక, పచ్చి బాదం పప్పు పొట్టుతో నమిలినప్పుడు తగిలే చిరుచేదు ఒకటి మిగులుతుంది. ఆ చేదే వెర్దిక్కియో గుర్తు. మన నాలుకకి చేదు కొత్త కాదు. కాకరకాయ వేపుడు ఇష్టంగా తినేవాళ్ళకి ఈ వైన్ త్వరగా అర్థమవుతుందని నా నమ్మకం.

ఎక్కడ పండుతుంది? యేజి వెర్దిక్కియోకి, మతేలికా వెర్దిక్కియోకి తేడా ఏమిటి?

మార్కె అంటే ఇటలీకి తూర్పు వైపు, అడ్రియాటిక్ సముద్రానికీ అపెనైన్ కొండలకీ మధ్య ఉన్న ప్రాంతం. అందులో వెర్దిక్కియోకి రెండు సొంత ఇళ్ళు ఉన్నాయి. ఒకటి యేజి చుట్టుపక్కల గుట్టల మీది ఊళ్ళు, రెండోది కొండల వెనక ఉన్న మతేలికా. రెండింటినీ కలిపేది ఎజీనో నది.

ఈ నది కథ తెలిస్తే తేడా దానంతట అదే అర్థమవుతుంది. మార్కెలో నదులు మామూలుగా కొండల్లో పుట్టి తిన్నగా తూర్పుకి సముద్రంలోకి పోతాయి. ఎజీనో మాత్రం పై భాగంలో ఉత్తరానికి పారుతుంది. అంటే ఆ లోయ తీరానికి సమాంతరంగా ఉంటుంది. మతేలికా ఉన్నది అక్కడే. తూర్పున కొండల వరస అడ్డం, అందుకని సముద్రపు గాలి లోపలికి రాదు. పగలు వేడి, రాత్రి చలి. ఆగస్టులో కూడా సాయంత్రం స్వెట్టర్ వేసుకోవాల్సి వస్తుంది. ఆ తర్వాత నది తూర్పుకి తిరిగి, కొండని కోసుకుని ఇరుకైన గండిలోంచి బయటపడి, యేజి పక్కగా వెళ్ళి సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ గాలి మెత్తగా ఉంటుంది, గుట్టలు విశాలంగా ఉంటాయి.

మతేలికా వైన్ బిగుతుగా, పులుపు పదునుగా, కొంచెం రాతి వాసనతో వస్తుంది. యేజి వైపుది కాస్త నిండుగా, పండు రుచి ముందుకొచ్చి ఉంటుంది. ఒకే ద్రాక్ష, ఒకే నది, రెండు స్వభావాలు. మతేలికా విస్తీర్ణం చాలా చిన్నది కాబట్టి ఆ సీసాలు బయట దొరకడం కష్టం. నన్ను ఒకటే ఎంచుకోమంటే మతేలికానే ఎంచుకుంటాను. బహుశా నేను చదువుకున్న చోటికి దగ్గర కావడం వల్ల కూడా కావచ్చు.

లేబుల్ మీద 'కస్తెల్లి ది యేజి' అని ఉంది. అక్కడ కోటలు ఉన్నాయా?

'కస్తెల్లి' అంటే కోటలే కానీ ఇక్కడ అర్థం గోడలు కట్టుకున్న గుట్టమీది ఊళ్ళు. మధ్యయుగంలో ఇవి యేజి నగరం కింద ఉండేవి. కుప్రమోంతానా, స్తాఫ్ఫొలో, మోంతెకరోత్తో, సెర్రా దె కోంతి లాంటివి. చాలా ఊళ్ళకి ఆ పాత గోడలు ఇప్పటికీ ఉన్నాయి. యేజి కూడా చిన్న ఊరు కాదు. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 1194 డిసెంబరు 26న పుట్టింది ఇక్కడే. తల్లి ప్రయాణంలో ఉండగా నొప్పులు వస్తే, ఊరి చౌకులో వేసిన డేరాలో పురుడు పోసుకుందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ చౌకుకి ఆయన పేరే.

నడుము ఉన్న ఆకుపచ్చ సీసా ఎందుకు?

ఈ ప్రశ్నకి కొంచెం పొడుగ్గానే చెప్పాలి, ఎందుకంటే వెర్దిక్కియోకి పేరూ దీనివల్లే వచ్చింది, చెడ్డపేరూ దీనివల్లే వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కొన్నేళ్ళ దాకా కూడా మార్కెలో వ్యవసాయం ఎక్కువగా 'మెత్సద్రియా' పద్ధతిలో నడిచేది. భూమి ఒకరిది, కష్టం ఇంకొకరిది, పంట చెరిసగం. మన దగ్గర పాలుకి చేయడం లాంటిదే. రైతు అదే చేలో గోధుమ, ఆలివ్, ద్రాక్ష అన్నీ వేసేవాడు. తీగని చెట్లకి పాకించేవాడు. వైన్ అంటే ఇంటి అవసరానికి చేసుకునేది. తొక్కతో సహా పులియబెట్టడం వల్ల ముదురు రంగుతో, ముతకగా ఉండేది. ఊరు దాటి అమ్మడం తక్కువ.

1949లో ఫాత్సి బత్తాల్యా అనే కంపెనీ మొదలైంది. తమ వెర్దిక్కియోకి కొత్త సీసా కావాలని వాళ్ళు పోటీ పెడితే, 1953లో మిలాన్ ఆర్కిటెక్ట్ అంతోనియో మయోక్కి గీసిన డిజైన్ ఎంపికైంది. పాతకాలపు అంఫోరా కూజాల ఆకారంలో, నడుము సన్నగా ఉన్న ఆకుపచ్చ సీసా. మెడకి దారంతో కట్టిన చిన్న కాగితపు చుట్ట, దాని మీద వైన్ గురించి నాలుగు మాటలు. జనానికి తెగ నచ్చింది. సీసాకి సినిమా తార జీనా లొల్లోబ్రిజిదా పేరు ముద్దుపేరుగా పెట్టారు. లోపల ఏముందో తెలియని వాళ్ళు కూడా సీసా చూసి కొన్నారు. అమెరికాలో, జర్మనీలో ఇటాలియన్ రెస్టారెంట్ల బల్లల మీద అదే కనిపించేది.

చిక్కు అక్కడే వచ్చింది. సీసాకి గిరాకీ పెరిగేసరికి చాలామంది అదే ఆకారంలో పలచటి వైన్ నింపి అమ్మారు. 1970ల, 80ల నాటికి వెర్దిక్కియో అంటే సముద్రం ఒడ్డున చేపలతో తాగి మర్చిపోయే చవక వైన్ అనే ముద్ర పడిపోయింది. తర్వాత దిగుబడి తగ్గించి, శ్రద్ధగా చేసినవాళ్ళు ఆ ముద్ర చెరపడానికి మామూలు సీసాలకి మారారు. ఆ నడుము సీసా ఇప్పటికీ దొరుకుతుంది. అందమైన వస్తువే, నా బల్ల మీద ఒక ఖాళీ సీసా ఉంది. కానీ దాన్ని చూసి ఈ ద్రాక్షని అంచనా వేయకండి.

లేబుల్ ఎలా చదవాలి?

నాలుగు మాటలు తెలిస్తే చాలు.

'డీఓసీ' అంటే ఎక్కడ, ఏ ద్రాక్షతో, ఎలా చేయాలో చట్టం రాసిపెట్టిన వైన్. మతేలికాకి 1967లో, కస్తెల్లి ది యేజికి 1968లో ఆ గుర్తింపు వచ్చింది. రెండు చోట్లా కనీసం 85 శాతం వెర్దిక్కియో ఉండాలి. మంచివాళ్ళు నూటికి నూరు శాతం అదే వాడతారు.

'క్లాస్సికో' అంటే యేజి చుట్టూ ఉన్న పాత, అసలు ప్రాంతం నుంచి వచ్చింది. నాణ్యతకి హామీ కాదు, చోటుకి హామీ.

'సుపెరియోరె' అంటే ఎకరాకి తక్కువ పంట తీసి, కనీసం 12 శాతం ఆల్కహాల్ వచ్చేలా పండిన ద్రాక్షతో చేసింది. రోజువారీగా కొనడానికి నేను చూసే మాట ఇదే.

'రిజెర్వా' అంటే కనీసం 18 నెలలు ఆగి బయటికి వచ్చింది. 2009-10లో రెండు చోట్ల రిజెర్వాలకీ ఇటలీ వైన్ చట్టంలో అన్నిటికన్నా పై మెట్టు అయిన డీఓసీజీ ఇచ్చారు. సీసా మెడ మీద ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితపు పట్టీ కనిపిస్తుంది.

ఇవి కాక నురగ వచ్చే 'స్పుమాంతె', ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తీపి 'పస్సీతో' కూడా ఉన్నాయి. మీకు డ్రై కావాలంటే పస్సీతో అని ఉన్నది తీసుకోకండి.

లుగానా, సొవావె కూడా ఇదే ద్రాక్షా?

ఇవి రెండూ ఉత్తర ఇటలీ తెల్ల వైన్లు. లుగానా విషయంలో చాలామంది ఆశ్చర్యపోతారు. గార్దా సరస్సు పక్కన లుగానాలో 'తుర్బియానా' అనే ద్రాక్ష, సొవావె దగ్గర 'త్రెబ్బియానో ది సొవావె' అనే ద్రాక్ష ఉన్నాయి. డీఎన్ఏ పరీక్షలు చేస్తే అవి వెర్దిక్కియోతో సరిపోలాయి. పదిహేనో శతాబ్దంలో ప్లేగుతో మార్కె ఊళ్ళు ఖాళీ అయినప్పుడు ఉత్తరాన వెనెతో నుంచి వలస వచ్చిన రైతులు ఈ తీగ వెంట తెచ్చుకున్నారని ఒక వాదన. వినడానికి నమ్మబుద్ధి వేస్తుంది. వలస పోయేవాళ్ళు విత్తనం మూట కట్టుకుపోవడం ఎక్కడైనా ఉన్నదే. సొవావె వైన్‌లో మాత్రం ముఖ్యమైన ద్రాక్ష గర్‌గానెగా, ఇది పక్క వాటా మాత్రమే.

ఎలా తయారు చేస్తారు?

సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా కోత. కొన్నేళ్ళ కింద ఒక శనివారం స్తాఫ్ఫొలో దగ్గర తెలిసినవాళ్ళ తోటకి కోతకి వెళ్ళాను. చేతికి చిన్న కత్తెర, కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ ట్రే. గుత్తులు బిగుతుగా, పళ్ళు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ఉంటాయి. ఎండ తగిలిన వైపు బంగారు రంగు, నీడ వైపు ఆకుపచ్చ. గంటకల్లా వేళ్ళు రసంతో అంటుకుపోయాయి, కందిరీగలు చుట్టూ తిరుగుతున్నాయి. ఆ ఇంటి పెద్దావిడ ఒక పండు నా చేతిలో పెట్టి, "గింజ ఉమ్మేయకు నాయనా, నమిలి చూడు" అంది. నమిలాను. కరకరలాడింది, వేయించిన గింజ లాంటి రుచి. గింజ ఆకుపచ్చగా, వగరుగా ఉంటే ఇంకా ఆగాలట, గోధుమ రంగుకి తిరిగి కరకరలాడితే కోతకి వచ్చినట్టట. యంత్రంతో చక్కెర కొలిచాక కూడా ఆవిడ గింజ నమిలే ఒప్పుకుంటుందని కొడుకు చెప్పాడు.

కోసిన ద్రాక్షని మెత్తగా పిండి, తొక్క వేరు చేసి, రసాన్ని ఒక రాత్రి నిలవ ఉంచితే మడ్డి అడుగుకి దిగుతుంది. తేటని స్టీలు ట్యాంకులో చల్లగా ఉంచి పులియబెడతారు. వేడెక్కితే పూల వాసన ఎగిరిపోతుంది. పులవడం అయ్యాక చచ్చిన ఈస్టు అడుగున పేరుకుంటుంది. వైన్‌ని కొన్ని నెలలు దాని మీదే ఉంచితే నోటికి నిండుదనం వస్తుంది. మామూలు వెర్దిక్కియో స్టీలులోనో సిమెంటు తొట్టిలోనో పెరుగుతుంది. కొన్ని రిజెర్వాలని పెద్ద చెక్క పీపాల్లో పెడతారు. పీపా పెద్దదైతే చెక్క వాసన వైన్‌ని మింగేయదు. చిన్న కొత్త పీపాల్లో పెట్టినవి నేను తాగాను, వెనిల్లా వాసన తప్ప ద్రాక్ష కనిపించలేదు. నాకు నచ్చలేదు.

తెల్ల వైన్‌ని ఏడాదిలోపే తాగేయాలంటారు. దీన్ని దాచుకోవచ్చా?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

చాలా తెల్ల వైన్ల విషయంలో ఆ మాట నిజం. వెర్దిక్కియో విషయంలో కాదు. ఊరగాయని ఉప్పూ పులుపూ కాపాడినట్టు, వైన్‌ని ఏళ్ళ తరబడి కాపాడే వాటిలో పులుపు ముఖ్యమైనది. వెర్దిక్కియోకి పులుపుతో పాటు ఒళ్ళు, అంటే నోట్లో నిండుదనం, కూడా ఉంది. మంచి సుపెరియోరె నాలుగైదేళ్ళు హాయిగా ఉంటుంది. మంచి రిజెర్వా పదేళ్ళు, కొన్ని ఇంకా ఎక్కువ.

నేను మొదట నమ్మలేదు. కమెరీనోలో మా ఇంటి ఓనరు పెద్దాయన నా థీసిస్ అయిన రోజు పన్నెండేళ్ళ మతేలికా రిజెర్వా ఒకటి కింది గదిలోంచి తెచ్చాడు. సీసా మీద దుమ్ము, లేబుల్ ఒక మూల చెమ్మకి లేచిపోయి ఉంది. కార్కు విరగకుండా నెమ్మదిగా తీశాడు. పోస్తే ఆకుపచ్చ లేదు, ఎండుగడ్డి లాంటి బంగారు రంగు. వాసన చూస్తే మొదట ఏమీ రాలేదు. "ఆగు" అన్నాడు. పావుగంట మాట్లాడుకుంటూ కూర్చున్నాం. తర్వాత గ్లాసు ఎత్తితే ఎండిన చామంతి, తేనె, రెండు చెకుముకి రాళ్ళు కొడితే వచ్చే వాసన. తేనె వాసన వస్తున్నా నాలుక మీద తీపి చుక్క కూడా లేదు. పులుపు అలాగే ఉంది కానీ పదును పోయి మెత్తబడింది. చివర్లో అదే బాదం చేదు. పన్నెండేళ్ళ తర్వాత కూడా అది తన గుర్తు పోగొట్టుకోలేదు. ఆ సాయంత్రం తర్వాత నేను కొన్న ప్రతి రెండు సీసాల్లో ఒకటి దాస్తున్నాను.

దాచాలంటే చీకటి, చల్లదనం, కదలిక లేని చోటు కావాలి. 12, 14 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే మంచిది. సీసా పడుకోబెట్టాలి, కార్కు తడిగా ఉండడానికి. వంటింట్లో గ్యాస్ పొయ్యి పైన అలమరలో మాత్రం పెట్టకండి. ఒకసారి సముద్రం ఒడ్డు దుకాణంలో కిటికీలో ఎండకి పెట్టిన సీసా అందంగా ఉందని కొన్నాను. ఉడికిన ఆపిల్ వాసన తప్ప ఏమీ మిగల్లేదు. అప్పటి నుంచి కిటికీ పక్క సీసా ముట్టుకోను.

ఎంత చల్లగా ఇవ్వాలి?

కొత్తది 8 నుంచి 10 డిగ్రీలు, రిజెర్వా 12 దాకా. ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి తీసి పావుగంట, ఇరవై నిమిషాలు బయట పెట్టండి. మరీ చల్లగా ఉంటే రుచి మూసుకుపోయి పులుపు ఒక్కటే తగులుతుంది. ఐసు వేయకండి.

దీనితో ఏం తినాలి?

ఇక్కడివాళ్ళు తినేవి ముందు చెప్తాను. సముద్రం ఒడ్డు నగరం అంకోనాలో 'బ్రొదెత్తో' అని చేపల కూర ఉంది. సంప్రదాయం ప్రకారం పదమూడు రకాల చేపలు పడాలి. టమాటా, వెనిగర్ పుల్లదనం ఉంటుంది, కింద కాల్చిన రొట్టె. దానికి వెర్దిక్కియో జోడీ. పోర్తొనోవో తీరంలో రాళ్ళకి పట్టి పెరిగే ఆల్చిప్పలని 'మోష్షోలి' అంటారు. వాటిని వెల్లుల్లితో ఆవిరి మీద తెరిపించి తింటారు. లోపలి ఊళ్ళలో అడవి సోంపు పెట్టి కాల్చిన కుందేలు మాంసం, గొర్రె పాల చీజ్, ఆస్కొలి వైపు నుంచి వచ్చే కూరిన ఆలివ్ వేపుడు. ఆ ఆలివ్‌లలో మాంసం కూరుతారు, పంది మాంసం కూడా ఉంటుంది, తిననివాళ్ళు అడిగి తీసుకోండి.

ఇక మన వంటలు. చేపల పులుసుతో సరిపోతుందని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. చింతపండు పులుపు, కారం రెండూ గట్టిగా ఉంటే వైన్ నీళ్ళలా అయిపోతుంది, కారానికి ఆల్కహాల్ తోడై నోరు ఇంకా మండుతుంది. అదే చేపని పసుపు, ఉప్పు, కొంచెం మిరియాలతో వేయించి నిమ్మకాయ పిండితే చాలా బాగుంటుంది. రొయ్యల వేపుడు కారం తగ్గించి చేస్తే బాగుంటుంది. శాకాహారంలో పెసరట్టు అల్లంతో, అరటికాయ బజ్జీ, సొరకాయ పాలు పోసిన కూర నేను పెట్టి చూశాను. వీటిలో అరటికాయ బజ్జీ మొదటి స్థానం.

శాకాహారులు తాగొచ్చా?

వైన్ ద్రాక్షతో చేసిందే అయినా, మడ్డి తేర్చడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల ప్రోటీన్, చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. వాటిని తర్వాత వడకట్టేస్తారు కానీ పట్టింపు ఉన్నవాళ్ళకి అది సమాధానం కాదు. చాలామంది ఇప్పుడు బెంటొనైట్ అనే మట్టి వాడుతున్నారు. సీసా మీద 'వీగన్' గుర్తు ఉంటే నిశ్చింత. గుడ్డు, పాలు అవశేషంగా ఉంటే యూరప్‌లో లేబుల్ మీద రాయాలి. 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్లకి పదార్థాల జాబితా కూడా తప్పనిసరి, ఎక్కువగా క్యూఆర్ కోడ్ రూపంలో ఉంటుంది.

'సల్ఫైట్స్ ఉన్నాయి' అని రాసి ఉంది. భయపడాలా?

లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే యూరప్‌లో ఆ మాట రాయాల్సిందే. దాదాపు ప్రతి సీసా మీదా ఉంటుంది. వైన్ చెడకుండా వేసేది. ఆస్తమా ఉన్న కొందరికి పడదు, వాళ్ళు డాక్టర్‌ని అడగాలి.

అడుగున గాజు ముక్కల్లాంటివి ఉన్నాయి!

ఒకసారి మా మేనత్త కొడుకు అర్ధరాత్రి ఫొటో పంపించి తెగ టెన్షన్ పడ్డాడు, సీసాలో గాజు పగిలిందని. అవి టార్టారిక్ ఆమ్లం నుంచి ఏర్పడిన లవణపు స్ఫటికాలు. వైన్ బాగా చల్లబడితే ఏర్పడతాయి. వేళ్ళ మధ్య నలిపితే పొడైపోతాయి, గాజు నలగదు. ఇదే ఆమ్లం మన చింతపండులో కూడా ఉంటుంది. హాని లేదు, చివరి కొంచెం గ్లాసులోకి వంచకండి.

తెరిచాక ఎన్నాళ్ళు?

కార్కు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు. తర్వాత వంటకి వాడుకోండి.

ఆరోగ్యానికి మంచిదా?

కాదు. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితం అనగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. తాగే అలవాటు లేనివాళ్ళు ఇది చదివి మొదలుపెట్టనక్కర్లేదు. గర్భిణులు, మందులు వాడేవాళ్ళు అసలు వద్దు. ఇటలీలో డ్రైవర్లకి పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు. 21 ఏళ్ళ లోపు వాళ్ళకీ, లైసెన్సు వచ్చి మూడేళ్ళు నిండని వాళ్ళకీ సున్నా. ఇక్కడికి వచ్చి కొత్తగా లైసెన్సు తీసుకున్న మన పిల్లలు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

చూడడానికి వెళ్ళాలంటే?

కారు లేకపోయినా వీలవుతుంది. రోమ్ నుంచి అంకోనా వెళ్ళే రైలు ఫబ్రియానో, యేజి మీదుగా పోతుంది. కమెరీనో నుంచి అయితే కింద కస్తెల్‌రైమోందో స్టేషన్‌కి బస్సులో దిగి, చిన్న రైలెక్కితే మతేలికా పక్కనే. 2016 భూకంపాల్లో కమెరీనో పాత ఊరు బాగా దెబ్బతింది. అక్కడ చదివే పిల్లలు కొత్త కట్టడాల మధ్యే ఉంటారు కాబట్టి, ఒక ఆదివారం ఈ లోయలోకి దిగి రావడం మనసుకి మంచిది. కుప్రమోంతానాలో 1928 నుంచి జరుగుతున్న ద్రాక్ష పండగ ఉంది, శరదృతువులో. ఆ ఊళ్ళోనే వైన్ లేబుళ్ళ మ్యూజియం కూడా. తోటలకి వెళ్ళేముందు ఫోన్ చేసి చెప్పండి. చాలా చోట్ల నడిపేది ఒక కుటుంబమే, కోత రోజుల్లో వాళ్ళకి ఊపిరి సలపదు.

ఇండియాకి తెచ్చుకోవచ్చా?

పెద్దవాళ్ళు మనిషికి 2 లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చెక్-ఇన్ పెట్టెలో, మందపాటి బట్టల మధ్య చుట్టి పెట్టండి. నేను ఒక్కో సీసాని మేజోడులో దూర్చి, దాని మీద టవల్ చుడతాను. తీసుకునేవాళ్ళకి మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండి ఉండాలి. మే నెల ఎండలో కారు డిక్కీలో గంటల తరబడి వదిలేస్తే ఇంత శ్రమా వృథా.

మొదటిసారి ఏది కొనాలి?

ఇటలీలో ఉంటే పది యూరోల లోపు దొరికే క్లాస్సికో సుపెరియోరె ఒకటి, ఇటీవలి ఏడాదిది. ఉమాని రోంకి వాళ్ళ కసాల్ ది సెర్రా, గరోఫొలి వాళ్ళ పోదియుం లాంటివి బయటి దేశాల్లో కూడా కనిపిస్తాయి, ఇవి పైన చెప్పినదానికన్నా కొంచెం ఖరీదు. మతేలికా రుచి చూడాలంటే కొల్లెస్తెఫనో. రిజెర్వా అయితే విల్లా బుచ్చి, లేదా మతేలికాలో ల మొనచెస్కా వాళ్ళ మీరుం. డబ్బు కుదిరితే ఒకే రిజెర్వా రెండు సీసాలు కొనండి. ఒకటి ఈ వారం తెరిచి ఎలా ఉందో నాలుగు మాటలు కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని రెండో సీసా మెడకి రబ్బరు బ్యాండుతో కట్టి, తేదీ వేసి, అయిదేళ్ళు లోపల పెట్టేయండి.